పదిహేడో కార్డు

గొట్టంలో పడింది పెట్టెలో పడకూడదు. ఆ బొమ్మల ఫ్యాక్టరీలో నిజంగా పాటించే రూలు అదొక్కటే. మిగతావన్నీ గోడల మీద రాసుకోవడానికి పనికొచ్చే మాటలు.

గొట్టమంటే జానెడు కూడా లేని నీలం ప్లాస్టిక్ గొట్టం. దాని లోపలి వెడల్పు పసిపిల్లల గొంతుని బట్టి పెట్టిన కొలత. బొమ్మలోంచి విడిగా చేతికొచ్చే ప్రతి ముక్కనీ అందులో వేసి చూడాలి. పైనే ఆగిపోతే పాస్. లోపలికి జారిపోతే ఆ బొమ్మ గేటు దాటదు.

పదకొండేళ్ళుగా ఆ పరీక్ష చేసేది ఆమే. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ గొట్టం మేడమ్.

"మొగుణ్ణి కూడా గొట్టంలో వేసి చూశాకే చేసుకుందంట. ఆయన పట్టలేదు, పాస్ చేసేసింది," అని ప్యాకింగ్ పిన్ని కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ చెప్పేది. ఆ మాటకి అందరికంటే ముందు నవ్వేది గొట్టం మేడమే.

ఆమెకి ఇంకో పని కూడా ఉంది. సైన్సు చదివిన మనిషి కాబట్టి, పెట్టెల్లో పెట్టే 'నీకు తెలుసా?' కార్డులు రాసేది. శుక్రుడి మీద రోజు ఏడాది కంటే పొడుగని, ఆక్టోపస్‌కి మూడు గుండెలని, తేనె తొందరగా పాడవదని. గ్రహాల పెట్టెలో అలాంటివి ముప్పై రెండు కార్డులు, ఎనిమిది రంగుల బంతులు, వాటిని సూర్యుడి చుట్టూ తిప్పడానికి గుంటలున్న ఒక పళ్ళెం. బంతులన్నిటిలోకీ చిన్నది బుధుడు. బూడిద రంగు.

ఆ రోజు పదింటికి ఆమె బుధుళ్ళనే పరీక్షిస్తోంది. నలభై వేసింది. నలభై పైనే ఆగాయి. నలభై ఒకటోది చేతిలో ఉండగా ఓనరు గది నుంచి పిలుపు వచ్చింది.

ఓనరు నిలబడి ఉన్నాడు. ఆయన కూర్చోకుండా మాట్లాడడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"తలుపెయ్యి," అన్నాడు. "నిన్న సాయంత్రం ఒక పిల్లాడు పోయాడు. ఇరవై రెండు నెలలు. వాళ్ళ అక్కకి కొన్న పెట్టె. మనదే, గ్రహాల పెట్టె."

ఆమె ఎలా అని అడిగేలోపు ఆయనే చెప్పాడు.

"బుధుడు. గొంతులో అడ్డం పడింది. ఆసుపత్రికి వెళ్ళేలోపే అంతా అయిపోయింది."

"అది పట్టదు సార్. పట్టే వీల్లేదు. ఇప్పుడే నలభై చూశాను."

"నాకూ అదే కావాలి. ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు పన్నెండింటికి వస్తోంది. ఎక్కడో ఒక ముక్క తేడాగా వచ్చింది. యంత్రం అన్నాక వస్తుంది. ఒక్క ముక్క. అర్థమైందా? పెట్టెలన్నీ తేడా అంటే మనం తలుపులు మూసుకోవాలి. లారీ కూడా లోడయి ఉంది."

ఆమె తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఇంకో అరవై బంతులు వేసి చూసింది. ఒక్కటీ జారలేదు. వందకి వంద. ఆమెకి ఊపిరి అందింది. ఊపిరి అన్న మాట తట్టగానే పిల్లాడు గుర్తొచ్చాడు.

ఆఫీసరు పన్నెండుకి ఐదు నిమిషాల ముందే వచ్చింది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడదీసుకుంది. ఓనరు కూల్‌డ్రింక్ తెప్పించబోతే చేత్తోనే వద్దంది. బల్ల మీద ఒక గ్రహాల పెట్టె పెట్టింది. దాని పక్కన చిన్న పారదర్శక కవరులో బూడిద రంగు బంతి.

"మీ గొట్టం తీసుకురండి," అంది.

గొట్టం మేడమ్ తన జేబులో చెయ్యి పెట్టబోయింది. ఓనరు ఆమె కంటే ముందు బీరువా తెరిచాడు. లోపలి అర నుంచి అట్టపెట్టె, అందులోంచి సీలు వేసిన కవరు తీశాడు. బ్లేడుతో అంచు కోశాడు. తళతళలాడే స్టీలు గొట్టం బయటికి వచ్చింది. దానితో పాటు సర్టిఫికెట్టు.

ఆ గొట్టాన్ని ఆమె ఏడాది క్రితం ఒక్కసారి చూసింది, అదీ కవరులోనే. 'దీనికి గీత పడితే మళ్ళీ కొత్తది రావడానికి మూడు వారాలు. చూపించడానికి ఇది ఉండనీ. పనికి ఆ నీలంది చాలు,' అన్నాడు అప్పుడు ఓనరు. ఆమె సరేనంది. సరేనన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆఫీసరు కవరులోని బంతిని స్టీలు గొట్టం మీద పెట్టింది. వేలితో నొక్కలేదు. వదిలేసింది, అంతే.

టక్.

అడుగున పడిన చప్పుడు. గదిలో ఉన్న ముగ్గురూ విన్నారు.

"నేను చెప్పలేదా మేడమ్," ఓనరు అందుకున్నాడు. "ఈ ఒక్క ముక్కే తేడా."

"ఇంకో ఇరవై తెప్పించండి. చూద్దాం."

"తప్పకుండా." ఓనరు గొట్టం మేడమ్‌ని తలుపు దాకా తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "షోకేసులో పాత స్టాకు ట్రే ఉంది చూడు. గట్టి ప్లాస్టిక్‌వి. అవి పట్టుకురా."

ఆమె కదల్లేదు. తలుపు పక్కనున్న చిన్న బల్ల మీద, చనిపోయిన పిల్లాడి ఇంటి నుంచి ఆఫీసరు తెచ్చిన కార్డుల కట్ట ఉంది. రబ్బరు బ్యాండు వదులైపోయి కొన్ని జారి పక్కకి పడ్డాయి. వాడి అక్క, ఆరేళ్ళ పిల్ల, తను చదివేసిన ప్రతి కార్డు మీదా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. పదిహేడో కార్డు మీద మాత్రం టిక్కు లేదు. ఏదో రాసి ఉంది.

పదిహేడు. ఆ కార్డు గొట్టం మేడమ్ తను రాసిందే. 'నీకు తెలుసా? వేడిగా ఉన్న వస్తువు చల్లారితే కొంచెం చిన్నదవుతుంది. కంటికి కనపడదు. కొలిచి చూడు!'

దాని కింద వంకరటింకర అక్షరాలు: 'ఫ్రిజ్‌లో పెట్టి కొలిచాను. కనపడలేదు.'

ఆ పిల్ల స్కేలు పెట్టి కొలిచి ఉంటుంది. కార్డులో చెప్పిన పని చేసింది. కార్డు రాసిన తను చేయని పని చేసింది.

గొట్టం మేడమ్‌కి ఉన్నట్టుండి తన అరచెయ్యి కాలినట్టు అనిపించింది. పద్నాలుగు నెలల కిందటి సాయంత్రం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ఆమె చేతిలోంచి జారి పాత స్టీలు గొట్టం ట్రాలీ చక్రం కింద పడింది. ఒక పక్క నొక్కుకుపోయింది. ఉద్యోగం ఊడుతుందని ఆమె మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, అచ్చుల షెడ్డులో పని చేసే బావ ఒక్క గంటలో నీలం గొట్టం పోసి తెచ్చాడు. పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. 'జాగ్రత్త, చెయ్యి కాలుతుంది,' అన్నాడు.

కాలుతుంది అన్నాడు. అంటే వేడిగా ఉంది. అంటే, చల్లారాక...

ఆమె మెట్లు ఒక్క ఉరుకులో దిగింది.

అచ్చుల షెడ్డులో ఆరు యంత్రాలు, ఒక గ్రైండరు. పాడైన ముక్కలన్నిటినీ ఆ గ్రైండరు నోట్లో పోస్తే మూడు సెకన్లలో బియ్యపు గింజల్లా బయటికొస్తాయి. బావ దాని పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అక్క మొగుడు. ఇరవై ఆరేళ్ళుగా అచ్చుల పనే.

"ఏమ్మా, ఆ మొహమేంటి? దయ్యాన్ని చూశావా?"

"బావా, మీరు ఆ గొట్టం నాకిచ్చినప్పుడు పూర్తిగా చల్లారిందా?"

"ఏ గొట్టం?"

ఆమె జేబులోంచి తీసి చూపించింది. బావ మొహంలో నవ్వు పోయింది. అచ్చుల పని చేసేవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ చల్లారితే తగ్గుతుందనే కదా ప్రతి అచ్చునీ కావలసిన దాని కంటే పిసరంత పెద్దగా కోస్తారు.

"షిఫ్టు అయిపోతోంది," అన్నాడు మెల్లగా. "నువ్వేమో ఏడుస్తున్నావు. యంత్రంలోంచి తీసి తీయగానే పాత స్టీలు దాని పక్కన పెట్టి చూశా. అచ్చం సరిపోయింది. పొద్దున్నే ఇంకోసారి కొలుద్దాం అనుకున్నా."

"మర్చిపోయారు."

"మర్చిపోయా. మరి నువ్వు?"

"నేనూ కొలవలేదు. అన్నిటినీ కొలిచేది అదే కదా. దాన్ని కొలవాలని తట్టనే లేదు."

ఆ తరవాతి లెక్క ఇద్దరికీ నోటితో చెప్పుకోకుండానే తెలిసింది. గొట్టం అర మిల్లీమీటరు కుంచించుకుపోయింది. అదే నెలలో బంతులకి కూడా మెత్త ప్లాస్టిక్ వాడడం మొదలైంది. అవీ చల్లారి అంతే తగ్గాయి. రెండూ కలిసి తగ్గాయి కాబట్టి ఒకదాని తప్పు ఇంకొకటి బయటపెట్టలేదు. తప్పు ముక్క ఒక్కటి కాదు. పద్నాలుగు నెలల్లో బయటికెళ్ళిన ప్రతి పెట్టెలోనూ ఒకటి ఉంది.

"పదకొండు వేల నాలుగు వందల పెట్టెలు బావా. లారీలో ఉన్నవి కాకుండా."

బావ లేచి ఆమె చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు.

"సారు ఏమంటున్నారు?"

"ఒక్క ముక్కే తేడా అంటున్నారు."

"అయితే మనమూ అదే అందాం." గ్రైండరు స్విచ్చు నొక్కాడు. అది గుర్రుమంది. "ఇది లేకపోతే ఎవడూ ఏమీ తేల్చలేడు. నన్ను పట్టుకుపోతే మీ అక్క ఏమైపోవాలి? నువ్వేమైపోతావు? పోయిన పిల్లాణ్ణి మనం తేలేం."

"ఉన్న పిల్లల సంగతో?"

"అందరూ మింగుతారా ఏంటి?"

గొట్టం గ్రైండరు నోటి మీదికి వచ్చింది. ఆమె లాక్కోవడానికి ప్రయత్నించలేదు. ఆయన బలం ముందు తను చాలదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

"మన బుడ్డోడి పెట్టె ఎక్కడుంది బావా?"

బావ చెయ్యి ఆగింది.

బుడ్డోడంటే బావ మనవడు. ఏడాదిన్నర. పోయిన నెల మూత మీద గీత పడ్డ గ్రహాల పెట్టె ఒకటి పక్కన పడేస్తే, బావే అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆయన గొట్టాన్ని చంకలో పెట్టుకుని ఫోను తీశాడు. కూతురికి కలిపాడు. గ్రైండరు హోరులో ఏమీ వినపడలేదు. తన చేత్తోనే స్విచ్చు ఆపేశాడు.

"చెప్పు నాన్నా."

"బుడ్డోడి బంతులు లెక్కపెట్టు."

"ఇప్పుడా? పొయ్యి మీద..."

"పొయ్యి ఆర్పెయ్యి! గ్రహాల బంతులు. ఎనిమిది ఉండాలి. లెక్కపెట్టు."

తండ్రి అలా అరవగా కూతురు ఎప్పుడూ వినలేదు కాబోలు, వెంటనే కదిలింది. చెప్పుల చప్పుడు. అట్టపెట్టె బోర్లించిన చప్పుడు. ఫోనులో ఒక్కొక్క అంకే వినపడుతోంది.

"...ఐదు, ఆరు, ఏడు. ఏడున్నాయి."

"బూడిద రంగుది ఉందా?"

"లేదు నాన్నా. ఎందుకు?"

"వాడేడి?"

"పడుకున్నాడు. ఇందాకే..."

"లేపు. నోరు తెరిచి చూడు. లేపు ముందు!"

మళ్ళీ చెప్పులు. తలుపు. తరవాత ఏమీ లేదు. షెడ్డులో యంత్రాలు ఒకదాని తరవాత ఒకటి నోరు తెరిచి బంతులు కక్కుతూనే ఉన్నాయి. గొట్టం మేడమ్ ఆయన మణికట్టు పట్టుకుంది. ఎవరి నాడి కొట్టుకుంటోందో తెలియలేదు.

ఫోనులో పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

"ఏడుస్తున్నాడు," అంది ఆమె. "ఏడుస్తున్నాడు బావా. ఊపిరుంది."

"దొరికింది నాన్నా," కూతురి గొంతు ఆయాసంగా వచ్చింది. "వాడి పిడికిట్లోనే ఉంది. తడిసిపోయి ఉంది. నోట్లో పెట్టుకుని ఉన్నట్టున్నాడు. ఏమైంది నాన్నా? మాట్లాడవేం?"

బావ స్టూలు మీద కూలబడ్డాడు. చంకలోని గొట్టం జారి కింద పడి ఆమె కాలి దాకా దొర్లింది. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు.

"దాన్ని బయట పారెయ్యకు," అన్నాడు చివరికి ఫోనులో. "ఎత్తయిన చోట పెట్టు. అది కావాలి." ఫోను పెట్టేసి లేచాడు. "పద."

ఆమె గొట్టాన్ని తీసి జేబులో వేసుకుంది. వెళ్ళే దారిలో ప్యాకింగ్ హాలులో ఆగింది. కదిలే బెల్టు మీద నుంచి బూడిద బంతులు ఇరవై ఏరి ఒళ్ళో పోసుకుంది.

"ఏంటమ్మాయ్, గోళీలాటా?" అంది ప్యాకింగ్ పిన్ని. ఆమె కళ్ళు చూసి నవ్వు మింగేసింది. "ఏమైందే?"

"బెల్టు ఆపెయ్ పిన్నీ. లారీ వాణ్ణి కదలొద్దను."

"సారు చెప్పారా?"

"నేను చెప్తున్నాను."

పిన్ని ఒక్క క్షణం చూసింది. ఎర్ర బటను మీద చెయ్యి వేసింది. బెల్టు ఆగిపోయింది.

ఓనరు గదిలో షోకేసు ట్రే అప్పటికే బల్ల మీదికి వచ్చేసింది. ఆమె రాకపోయేసరికి తనే తెచ్చుకున్నట్టున్నాడు. పాత గట్టి బంతుల్లో ఒక్కటీ స్టీలు గొట్టంలో పట్టలేదు. ఆఫీసరు కాగితం మీద ఏదో రాయబోతోంది.

గొట్టం మేడమ్ తన ఒళ్ళోని ఇరవై బంతుల్నీ ఆ కాగితం మీదే కుమ్మరించింది.

"ఇవి ఇప్పుడు పెట్టెల్లోకి వెళ్తున్నవి. వీటిని చూడండి."

"ఏయ్, నీకేమైనా..." ఓనరు అడ్డం వచ్చాడు. ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని ఒక్క చూపు చూసింది. ఆయన తప్పుకున్నాడు.

టక్. టక్. టక్. ఇరవయ్యీ పడ్డాయి.

తరవాత గొట్టం మేడమ్ నీలం గొట్టాన్ని స్టీలు దాని పక్కన నిలబెట్టింది. అవే ఇరవై బంతులు. ఒక్కటీ దిగలేదు. ఎందుకో చెప్పింది. వేడి గొట్టం సంగతి బావ చెప్పాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు.

"ఈ నీలం దాని గురించి నాకేమీ తెలీదు మేడమ్," అన్నాడు ఓనరు. "మా కంపెనీ గొట్టం ఈ స్టీలుదే. వీళ్ళిద్దరూ బంధువులు. ఏం చేసుకున్నారో ఏమో."

ఆఫీసరు బల్ల కింది చెత్తబుట్టలోకి వంగి, బ్లేడుతో కోసిన కవరు బయటికి తీసింది. సీలు ఇంకా దానికే అంటుకుని ఉంది. దాని మీద పదమూడు నెలల కిందటి తేదీ.

"దీన్ని మీరు ఇవాళ నా ముందు విప్పారు," అంది. "ఇన్నాళ్ళూ దేంతో కొలిచారు?"

ఓనరు కూర్చున్నాడు.

రెండింటికల్లా గోడౌనుకి తాళం పడింది. లారీలోంచి పెట్టెలు దించుతున్నారు. ముగ్గురి వాంగ్మూలాలూ రాసుకున్నారు. సాయంత్రం ముగ్గురూ స్టేషనుకి రావాలన్నారు. బావ తన భార్యకి ఫోను చేశాడు. గొట్టం మేడమ్‌కి అక్క గొంతు బయటికే వినపడింది. ఒక్క అరుపు. బావ ఫోను ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

ఇంకో పని మిగిలింది. పెట్టెలు అమ్మిన ప్రతి దుకాణానికీ, పత్రికలకీ వెంటనే ఒక ప్రకటన వెళ్ళాలి. కార్డులు రాసే మనిషి ఈమె తప్ప ఎవరూ లేరు. ఆఫీసు గుమాస్తా కాగితం తెచ్చి పెట్టాడు.

"మన పద్ధతిలోనే 'నీకు తెలుసా?' అని మొదలుపెడితే అందరూ చదువుతారేమో మేడమ్," అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

"వద్దు," అంది.

రాసింది. 'గ్రహాల పెట్టె కొన్నవారు అందులోని బూడిద రంగు బంతిని ఈ నిమిషమే పిల్లలకి దూరంగా పెట్టండి. బంతి కనపడకపోతే ముందు పిల్లల నోరు చూడండి. ఈ బంతి వల్ల ఒక బాబు చనిపోయాడు.'

ఆఫీసరు చదివింది. "ఎందుకో రాయలేదు. ఒక్క బంతే తేడా అనుకుని వదిలేస్తారు."

ఆమె మళ్ళీ పెన్ను తీసుకుంది. 'అన్ని పెట్టెల్లోనూ ఇదే బంతి ఉంది. కొలిచిన గొట్టమే తప్పు. దాన్ని నేను సరిచూడలేదు.' కింద తన పేరు రాసింది.

గుమాస్తా ఆ కాగితాన్ని ప్రింటుకి పట్టుకెళ్తుంటే ప్యాకింగ్ పిన్ని దారిలో ఆపి చదివింది. పైనుంచి కింద దాకా, మెల్లగా. ఆఖరి లైను దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఇదెవరు? మన దగ్గర ఈ పేరు గలవాళ్ళు ఎవరూ లేరే?"

గొట్టం మేడమ్ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నేనే పిన్నీ," అంది.